వరిలో అగ్గి తెగులు: వాతావరణం చూసి ముందే కాచుకోవడం ఎలా

సాంబ మసూరి వేసిన రైతును అక్టోబరు చివర్లో కదిపితే రెండు భయాలు చెబుతాడు. ఒకటి తుపాను, రెండోది మెడవిరుపు, అంటే అగ్గి తెగులు వెన్ను (కంకి) మెడకు పట్టడం. తుపాను మన చేతిలో లేదు. మెడవిరుపు విషయంలో మాత్రం నారు పోసే రోజు నుంచే చేయగలిగిన పనులు చాలా ఉన్నాయి. మచ్చ కనిపించాక మందు కొట్టడం వాటిలో చివరిది. అప్పటికి తరచూ ఆలస్యం అయిపోయి ఉంటుంది కూడా.

అగ్గి తెగులు మనకు కొత్తదేమీ కాదు. మన దేశంలో దీన్ని మొదట నమోదు చేసింది 1918లో, తంజావూరు డెల్టాలో. అప్పటి నుంచి దీని మీద జరిగినంత పరిశోధన వరిలో మరే తెగులు మీదా జరగలేదంటే పెద్ద అతిశయోక్తి కాదు. ఆ పరిశోధనలో తేలిన ముఖ్య విషయాలు రైతు రోజువారీ పనికి చక్కగా పనికొస్తాయి. కానీ అవి సిఫారసుల పట్టికల్లో మందు పేరు, మోతాదు కింద నలిగిపోతుంటాయి. ఈ మార్గదర్శిలో వాటిని పంట కాలం క్రమంలో పెడుతున్నాను.

1. తెగులు ఎలా పట్టుకుంటుందో తెలుసుకోండి

ఇదొక శిలీంధ్రం. దీని బీజాలు ఎక్కువగా అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము లోపు గాల్లోకి లేస్తాయి. ఆకు మీద పడ్డ బీజం మొలకెత్తాలంటే తడి కావాలి. మంచు కావచ్చు, సన్నటి జల్లు కావచ్చు, దాదాపు 10 గంటలపాటు ఆకు తడిగా ఉండాలి. మొలక చివర గుమ్మటం లాంటి ఒక కణం తయారవుతుంది. దాని లోపలి ఒత్తిడి 8 మెగాపాస్కల్స్ దాకా పెరుగుతుంది, అంటే కారు టైరులో ఉండే గాలి ఒత్తిడికి దాదాపు 40 రెట్లు. ఆ బలంతోనే అది ఆకు పొరను పొడిచి లోపలికి దిగుతుంది.

ఈ సంగతి ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. ఆ కణం గోడకు బిగువు ఇచ్చేది మెలనిన్ అనే నల్లటి పదార్థం. మనం అందరం వాడే ట్రైసైక్లజోల్ చేసే పని ఆ మెలనిన్ తయారు కాకుండా ఆపడం. అంటే శిలీంధ్రం లోపలికి దిగకముందు ఆకు మీద మందు ఉంటేనే దాని ఫలితం. అప్పటికే పడిన మచ్చను అది మాన్పదు. "మందు కొట్టినా మచ్చలు పోలేదు" అన్న ఫిర్యాదులో సగం ఇక్కడి నుంచే వస్తుంది.

లోపలికి దిగిన 4-6 రోజులకు మచ్చ బయటపడుతుంది. ఆ మచ్చ మీద రాత్రికి వేల సంఖ్యలో కొత్త బీజాలు తయారవుతాయి. కాబట్టి ఈరోజు మీకు కనిపించే మచ్చ దాదాపు వారం కిందటి వాతావరణం ఫలితం.

శాస్త్రవేత్తలు చెప్పే హెచ్చరిక సూత్రం ఇది: రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత 20-26 డిగ్రీల మధ్య, గాలిలో తేమ 90 శాతం లేదా అంతకు మించి, ఇలా వారం పాటు కొనసాగితే తెగులు రావచ్చు. పంట నారుమడిలో గానీ, పిలకలు వేసే దశలో గానీ, వెన్ను పైకి వచ్చే దశలో గానీ ఉంటే ప్రమాదం ఎక్కువ. ఈ మూడు దశలనూ గుర్తుపెట్టుకోండి, మిగతా పనులన్నీ వీటి చుట్టూనే తిరుగుతాయి.

2. తేదీలను వెనక నుంచి లెక్కించండి

వరిలో పూత నుంచి కోతకు దాదాపు 30 రోజులు పడుతుంది, రకం ఏదైనా ఇందులో పెద్ద తేడా రాదు. అంటే 150 రోజుల సాంబ మసూరి విత్తిన 120 రోజులకు, 120 రోజుల ఎంటీయూ 1010 విత్తిన 90 రోజులకు పూతకు వస్తాయి.

ఇప్పుడు క్యాలెండర్ పక్కన పెట్టుకుని చూడండి. జూన్ 15న నారు పోసిన సాంబ మసూరి అక్టోబరు 13 ప్రాంతంలో పూతకు వస్తుంది. వర్షాలు ఆలస్యమై, కాలువ నీళ్లు ఆలస్యమై, అదే రకాన్ని జూలై 25న పోస్తే పూత నవంబరు 22 దగ్గర పడుతుంది. అప్పటికి రాత్రులు చల్లబడతాయి, మంచు మొదలవుతుంది. రుతుపవనం ఆలస్యం అంటే మనకు నీటి కొరతే గుర్తొస్తుంది కానీ, అది తెగులు క్యాలెండర్‌ను కూడా జరిపేస్తుంది. వాతావరణ ముప్పు, తెగులు ముప్పు రెండూ వేర్వేరు పెట్టెల్లో ఉండవని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించదు.

అందుకే ఆలస్యమైన ఏడాది దీర్ఘకాలిక రకాన్ని పట్టుకుని వేలాడకండి. హైదరాబాద్‌లోని క్రిడా (కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ) జిల్లాలవారీగా ఆకస్మిక ప్రణాళికలు తయారు చేసింది. వర్షం ఇన్ని వారాలు ఆలస్యమైతే ఏ పంట, ఏ రకం అన్నది అందులో ఉంటుంది. మీ జిల్లా ప్రణాళిక కావాలని మండల వ్యవసాయాధికారిని అడగండి. చాలామంది అడగరు, అందుకే అది ఫైళ్లలో ఉండిపోతుంది.

యాసంగి, దాళ్వాల్లో లెక్క తిరగబడుతుంది. అక్కడ నారుమడి, పిలక దశలు డిసెంబరు, జనవరి చలిలో పడతాయి. పూత సమయానికి ఎండలు వస్తాయి కాబట్టి మెడవిరుపు కంటే ఆకు మీది అగ్గి తెగులుతోనే ఎక్కువ పని.

3. రకం, విత్తనం

బాపట్లలో పుట్టిన బీపీటీ 5204 (సాంబ మసూరి) 1986లో విడుదలైంది. అన్నం రుచిలో, ధరలో దానికి తిరుగులేదు, అగ్గి తెగులుకు మాత్రం సులభంగా లొంగిపోతుంది. సన్న గింజే కావాలనుకుంటే ఈ తెగులును బాగా తట్టుకునేవి ఉన్నాయి. తెలంగాణ సోనా (ఆర్‌ఎన్‌ఆర్ 15048) దాదాపు 125 రోజుల రకం, 2015లో వచ్చింది. నెల్లూరు మసూరి (ఎన్‌ఎల్‌ఆర్ 34449) అగ్గి తెగులు ఏటా పలకరించే నేల నుంచే వచ్చింది.

ఒక గందరగోళం గురించి ఇక్కడే చెప్పాలి. మెరుగైన సాంబ మసూరి అని ఒకటుంది. రాజేంద్రనగర్ వరి పరిశోధనా సంస్థ, సీసీఎంబీ (హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధనా కేంద్రం) కలిసి తెచ్చినది. అందులో మూడు నిరోధక జన్యువులు పెట్టారు, కానీ అవి బ్యాక్టీరియా ఎండాకు తెగులు కోసం. అగ్గి తెగులుకు అవి పనిచేయవు. "తెగులు తట్టుకునే సాంబ" అని షాపువాడు చెబితే, ఏ తెగులు అని అడగండి.

తట్టుకునే రకం కూడా శాశ్వతం కాదు. ఈ శిలీంధ్రం కొత్త రూపాలు దాల్చడంలో దిట్ట. ఒకే రకం ఊరంతా ఏళ్ల తరబడి వేస్తే దాని నిరోధకం పలచబడుతుంది. 2016లో బంగ్లాదేశ్‌లో గోధుమను దెబ్బతీసిన బ్లాస్ట్ తెగులు ఈ శిలీంధ్రానికి దాయాదే. ఆసియాలో గోధుమకు అది రావడం అదే మొదటిసారి.

విత్తన శుద్ధి చవకైన పని. పొడి విత్తనానికైతే కిలోకు 3 గ్రాముల కార్బండజిమ్ పట్టించండి. దమ్ము చేసిన నారుమడికి మండె కట్టేటప్పుడు (విత్తనం మొలకెత్తించేటప్పుడు) లీటరు నీటికి 1 గ్రాము కలిపి, ఆ నీటిలో కిలో విత్తనాన్ని 24 గంటలు నానబెట్టి తర్వాత మండె కట్టండి. కిందటేడు మెడవిరుపు వచ్చిన చేలోని గింజను విత్తనంగా ఉంచుకోకండి.

4. యూరియా లెక్క బస్తాల్లో వేయండి

వాతావరణం మన చేతిలో లేదు, యూరియా ఉంది. నత్రజని ఎక్కువైన పైరు ఆకు మెత్తగా, ముదురు పచ్చగా, గుబురుగా పెరుగుతుంది. గాలి ఆడదు, తడి ఆరదు. అగ్గి తెగులుకు అంతకంటే మంచి చోటు దొరకదు. ఊళ్లో ఎవరి చేను నల్లగా నిగనిగలాడుతుందో దాంట్లోనే ముందు మచ్చ చూడమని నా సలహా.

ఒక లెక్క చూద్దాం. మీకు ఎకరాకు 48 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరం సిఫారసు అనుకుందాం. భాస్వరం కోసం డీఏపీ వేస్తే 52 కిలోలు కావాలి. అందులోనే 9 కిలోలకు పైగా నత్రజని వచ్చేసింది. మిగిలిన 38.6 కిలోలకు యూరియా 84 కిలోలు సరిపోతుంది. అంటే 45 కిలోల బస్తాలు రెండు కూడా పూర్తిగా పట్టవు. డీఏపీలో ఉన్నదాన్ని మరిచి మూడు బస్తాలు చల్లితే సిఫారసు కంటే దాదాపు 23 కిలోల నత్రజని ఎక్కువ వేసినట్టు. మీ ప్రాంతం సిఫారసు వేరుగా ఉండొచ్చు, లెక్క పద్ధతి ఇదే.

దాన్ని మూడు దఫాలుగా వేయండి: దమ్ములో లేదా నాటిన కొత్తలో ఒకటి, పిలక దశలో ఒకటి, అంకురం ఏర్పడే దశలో ఒకటి. ఇక్కడే వాతావరణం చూడాలి. మబ్బు పట్టి, జల్లులు పడుతూ, రాత్రులు చల్లగా ఉండే వారంలో దఫా యూరియా పడాల్సి ఉంటే ఆపండి. ఆకు మీద మచ్చలు కనిపిస్తే కూడా ఆపండి, తగ్గాకే వేయండి. వారం ఆలస్యమైతే పైరు కొంచెం పాలిపోతుంది, అంతే. పక్క చేను పచ్చగా ఉందని టెన్షన్ పడి బస్తా విప్పకండి.

నీటి విషయంలో చాలామందికి పొరపాటు అభిప్రాయం ఉంది. తేమ వల్ల వచ్చే తెగులు కదా, చేను ఎండగడితే పోతుందనుకుంటారు. అగ్గి తెగులుకు కావాల్సింది ఆకు మీది తడి. నేల ఎండితే పైరు ఒత్తిడికి గురై తెగులుకు ఇంకా సులభంగా లొంగుతుంది. కాబట్టి పలచగా నీరు నిలపండి. బెట్ట వచ్చిన చోట మొదట కాపాడాల్సిన తడి పొట్ట దశదే (వెన్ను ఇంకా బయటికి రాకుండా లోపలే ఉండే దశ).

గట్ల మీద గడ్డిజాతి కలుపు తీసేయండి, ఈ శిలీంధ్రం కొన్ని గడ్ల మీద కూడా బతుకుతుంది. నాటేటప్పుడు ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలండి. గాలికీ, తర్వాత మందు కొట్టే మనిషికీ అదే దారి.

5. వారానికి రెండుసార్లు వాతావరణం రాసుకోండి

వాతావరణ శాఖ వ్యవసాయ సలహాలు మంగళవారం, శుక్రవారం వస్తాయి. 2019లో వచ్చిన మేఘదూత్ యాప్‌లో జిల్లా ఎంచుకుంటే తెలుగులోనే చూడొచ్చు. రాబోయే ఐదు రోజుల వాన, గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు, తేమ, గాలి, మబ్బు ఉంటాయి. అందరూ వాన ఒక్కటే చూసి మూసేస్తారు. మీరు చూడాల్సినవి కనిష్ఠ ఉష్ణోగ్రత, ఉదయం తేమ, మబ్బు.

కోస్తాలో ఒక చిక్కుంది. అక్కడ ఉదయం తేమ చాలా రోజులు 90 దగ్గరే ఉంటుంది, అదొక్కటే చూస్తే సీజనంతా ప్రమాద ఘంటికే. కాబట్టి మీ కళ్లతో ఇంకొకటి కొలవండి: మంచు ఎంతసేపు ఉంది? రాత్రి 9 గంటలకు చేను పక్కగా వెళ్లేటప్పుడు ఆకు మీద చేయి వేసి చూడండి. మర్నాడు పొద్దున 8కి ఒకసారి, 9కి ఒకసారి చూడండి. రాత్రి 9కే తడి మొదలై పొద్దున 9కి ఇంకా పంచె తడుస్తోందంటే ఆకు 12 గంటలు తడిగా ఉన్నట్టు. బీజానికి కావాల్సిన దానికంటే ఎక్కువే.

ఒక నోట్‌బుక్‌లో నాలుగు గళ్లు చాలు: తేదీ, కనిష్ఠ ఉష్ణోగ్రత, మంచు ఆరిన సమయం, మబ్బు లేదా జల్లు. వరుసగా ఐదారు రోజులు మూడు గళ్లూ తెగులు వైపే ఉంటే తర్వాతి మెట్టుకు వెళ్లండి.

భూమి వేడెక్కుతోంది కదా, ఈ తెగులు తగ్గుతుందా అని కొందరు అడుగుతారు. 1990లలో ఆసియా వరి దేశాల మీద చేసిన మోడల్ అధ్యయనాలు చెప్పింది ఏమిటంటే, చల్లటి ప్రాంతాల్లో వేడి పెరిగితే తెగులు పెరుగుతుంది, తేమ గల ఉష్ణ ప్రాంతాల్లో తగ్గొచ్చు. మన దగ్గర మాత్రం విత్తే తేదీలు జరిగిపోవడం, కాలం కాని కాలంలో మబ్బులు పట్టడం వల్ల ఆ లాభం లెక్కలోకి వస్తుందని నేను నమ్మను.

6. చేలో దిగి చూడండి, సరైన చోట

గట్టు మీద నిలబడి చూస్తే ఈ తెగులు కనబడదు. ముందుగా వచ్చే చోట్లు కొన్ని ఉంటాయి. చెట్టు నీడ పడే మూల, పొద్దున ఎండ ఆలస్యంగా తగిలే వైపు, యూరియా చల్లేటప్పుడు బస్తా దించిన చోటు. ముందు అక్కడ చూడండి. తర్వాత చేను మొత్తంలో వంకరటింకరగా నడుస్తూ ఐదు చోట్ల, చోటుకు పది దుబ్బుల చొప్పున చూడండి.

మచ్చ చూడటంలోనే అసలు పని ఉంది. గుండుసూది తలకాయంత గోధుమ రంగు చుక్కలు కనిపిస్తే కంగారు పడకండి, చాలాసార్లు అవి మొక్క శిలీంధ్రాన్ని లోపలే ఆపేసిన గుర్తు. నూలు కండె ఆకారంలో, రెండు చివరలా మొనదేలి, అంచు గోధుమ రంగు, నడుమ బూడిద రంగు ఉండి, 3 మిల్లీమీటర్లు దాటిన మచ్చలు ఉంటే అవి బీజాలు విడిచే మచ్చలు. కొత్త ఆకుల మీద కూడా అలాంటివి ఉంటే తెగులు నడుస్తోంది. అడుగు ఆకుల మీద ఎండిపోయిన పాతవి మాత్రమే ఉంటే ఆగిపోయింది.

పోలికలు ఇంకా ఉన్నాయి. నువ్వు గింజల్లా చిన్నవిగా, గుండ్రంగా, ఆకంతా సమంగా పరుచుకుంటే అది గోధుమ రంగు మచ్చ తెగులు, తరచూ పోషకాలు చాలని నేలల్లో వస్తుంది. ఆకు కొన నుంచి అంచు వెంబడి అలల్లా పసుపు పచ్చగా ఎండుతూ వస్తే బ్యాక్టీరియా ఎండాకు తెగులు. దానికి అగ్గి తెగులు మందు కొడితే డబ్బు నీళ్ల పాలే.

వెన్ను తెల్లబడినప్పుడు గందరగోళం ఇంకా ఎక్కువ. ఆ వెన్నును రెండు వేళ్లతో పట్టి పైకి లాగండి. సులభంగా ఊడి వచ్చి, అడుగున కొరికినట్టు ఉంటే కాండం తొలుచు పురుగు పని, అది తెల్లకంకి. ఊడి రాకుండా, వెన్ను మెడ దగ్గర కణుపు నల్లగా లేక ముదురు గోధుమ రంగులో కుళ్లి, అక్కడే విరిగితే మెడవిరుపు. పురుగు మందా, తెగులు మందా అన్నది ఈ అర నిమిషం పనితో తేలిపోతుంది.

7. మందు ఎప్పుడు, ఏది

మూడు ప్రశ్నలు వేసుకోండి. పంట ఆ మూడు సున్నిత దశల్లో ఉందా? ఐదారు రోజులుగా వాతావరణం తెగులు వైపు ఉందా? చేలో బీజాలు విడిచే మచ్చలు ఉన్నాయా? రెండింటికి అవునంటే రోజు విడిచి రోజు చూడండి. మూడింటికీ అవునంటే ఆగకండి. ఇది నేను పాటించే లెక్క, యూనివర్సిటీ సూత్రం అనుకోకండి. అనుమానం ఉంటే మీ కృషి విజ్ఞాన కేంద్రానికి గానీ, కిసాన్ కాల్ సెంటర్‌కు (1800-180-1551) గానీ ఫోన్ చేయండి.

సిఫారసులో ఉన్న మందులు, లీటరు నీటికి: ట్రైసైక్లజోల్ 75 శాతం పొడి 0.6 గ్రాములు, లేదా ఐసోప్రోథయోలేన్ 1.5 మిల్లీలీటర్లు, లేదా కాసుగామైసిన్ 2.5 మిల్లీలీటర్లు. వీటిలో ఒకటి చాలు. రెండోసారి కొట్టాల్సి వస్తే మందు మార్చండి, ఒకే రకం మందుకు శిలీంధ్రం అలవాటు పడుతుంది. చేతి పంపుతో ఎకరాకు 200 లీటర్ల నీరు పట్టాలి. పది ట్యాంకుల బదులు ఐదు ట్యాంకులతో పని కానిచ్చేస్తే మందు పై ఆకుల మీదే ఆగిపోతుంది. మంచు పూర్తిగా ఆరాకే మొదలుపెట్టండి. కొట్టాక కొన్ని గంటల్లో వాన సూచన ఉంటే మర్నాటికి వాయిదా వేయండి.

పురుగు మందు, జింకు, టానిక్ అన్నీ ఒకే ట్యాంకులో కలిపే అలవాటుకు నేను పూర్తిగా వ్యతిరేకిని. ఏది పనిచేసిందో, ఏది మాడ్చిందో ఎప్పటికీ తెలియదు.

మార్కెట్ వైపు కూడా ఒక చూపు వేయాలి. 2017లో యూరోపియన్ యూనియన్ బియ్యంలో ట్రైసైక్లజోల్ అవశేషాల పరిమితిని కిలోకు 0.01 మిల్లీగ్రాములకు తగ్గించింది. దెబ్బ బాసుమతి ఎగుమతుల మీద పడింది. మీ ధాన్యం ఎగుమతి వ్యాపారికి వెళ్తుందని తెలిస్తే మందు ఎంచుకునే ముందు అతన్ని అడగండి. డబ్బా మీద రాసిన కోత ముందు విరామం పాటించడం ఎటూ తప్పదు.

8. వెన్ను తీసే పది రోజులు

ఆకు మీద తెగులు వచ్చి పోతే పైరు కోలుకుంటుంది. మెడ దగ్గర వస్తే కోలుకునే సమయం లేదు, గింజకు పాలు అందవు, వెన్ను మొత్తం తాలు అవుతుంది. ఆకు మీద పెద్దగా మచ్చల్లేని చేలో కూడా మెడవిరుపు రావొచ్చు, ఎందుకంటే బీజాలు పక్క చేల నుంచి కూడా వస్తాయి. అందువల్ల ఈ ఒక్క దశలో నా నియమం మారుతుంది. లొంగే రకం వేసి, నోట్‌బుక్‌లో వాతావరణం తెగులు వైపు ఉంటే, మచ్చ కోసం ఎదురుచూడకండి.

పొట్ట చివరి దశలో, అంటే అక్కడక్కడా ఒకటీ అరా వెన్ను తొంగి చూస్తున్నప్పుడు మొదటిసారి కొట్టాలి. ఆ వాతావరణమే కొనసాగితే వెన్నులన్నీ బయటికి వచ్చాక మందు మార్చి రెండోసారి. వరి పూలు విచ్చుకునేది ఉదయం 9 నుంచి మధ్యాహ్నం దాకా. ఆ వేళలో పిచికారీ మానేసి సాయంత్రం పూట పెట్టుకోండి.

రాత్రులు వెచ్చగా ఉండి, పొద్దున 7 కల్లా మంచు ఆరిపోతుంటే, తట్టుకునే రకమే వేసి ఉంటే, ఊరంతా కొడుతున్నారని మీరూ కొట్టనక్కర్లేదు. ఆ ఖర్చు మిగుల్చుకోండి.

9. నష్టం జరిగిపోతే

ప్రధానమంత్రి ఫసల్ బీమా నడిచే చోట ఆహార పంటలకు రైతు వాటా ఖరీఫ్‌లో 2 శాతం, రబీలో 1.5 శాతం మించదు. మీ రాష్ట్రంలో ఆ సీజన్‌కు పథకం ఉందో లేదో నాట్లకు ముందే కనుక్కోండి. తెగులు నష్టాన్ని మీ ఒక్క చేను చూసి లెక్కించరు. బీమా యూనిట్ (గ్రామం లాంటి ప్రాంతం) మొత్తంలో పంట కోత ప్రయోగాలు చేసి సగటు దిగుబడి తీస్తారు. వడగండ్ల లాంటి స్థానిక విపత్తుకు మాత్రం 72 గంటల్లో సమాచారం ఇస్తే విడిగా చూస్తారు. ఈ తేడా తెలియక, మెడవిరుపు వచ్చిన చేను ఫొటోలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగి అలిసిపోయినవాళ్లు ఉన్నారు. తెగులు ఊళ్లో విస్తృతంగా ఉంటే నలుగురూ కలిసి వ్యవసాయాధికారికి రాతపూర్వకంగా ఇచ్చి, కోత ప్రయోగాలు ఎప్పుడు, ఏ సర్వే నంబర్లలో జరుగుతున్నాయో అడిగి అక్కడ ఉండండి.

కోశాక తెగులు సోకిన గడ్డిని వచ్చే పంట నారుమడి పక్కన వామి వేయకండి, బీజాలు అందులో నిలవ ఉంటాయి. ముందు పశువులకు వాడేయండి, లేదా కంపోస్టు గుంతలో బాగా చివకనివ్వండి. నోట్‌బుక్ చివర ఇంకో మూడు వాక్యాలు రాయండి: మొదటి మచ్చ ఏ తేదీన ఏ మూలలో కనిపించింది, వెన్ను ఎప్పుడు తీసింది, ఎన్ని సంచులు దిగాయి. వచ్చే ఏడాది నారు పోసే తేదీ కుదుర్చుకునేటప్పుడు ఆ పేజీ తీసి చూడండి.